పుర్రచేతి ముడి

జైలు, చిత్తూరు
14 జూలై 2024

అక్క లోకేశ్వరికి,

తమ్ముడు మురుగేష్ రాసేది. క్షేమమా అని నేను అడగను, నువ్వూ అడగొద్దు. ఈ ఉత్తరం లాయరు మునిరత్నం చేతికిచ్చి పంపుతున్నాను. జైలు పోస్టులో వేస్తే విప్పి చదివి గానీ పంపరు. ఫోనులో మాట్లాడదామంటే పక్కనే సెంట్రీ నిలబడి ఉంటాడు.

రెండోసారి కూడా బెయిలు కొట్టేశారు. ఆ నర్సు జ్ఞానాంబను చంపుతానని పోలీసు స్టేషన్లో అందరి ముందు అన్నానట. అన్నాను. ఇప్పుడూ అంటాను. నాయన కుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేశారని నాకు లాకప్పులో చెప్పారు. నలభై ఏళ్ళు మగ్గం నడిపిన చెయ్యి అది! మరమగ్గం పళ్ళచక్రంలో పడి నలిగినా, నూలుతో బిగించి కట్టి, నగరి నుంచి తిరుపతి దాకా ప్రాణంతో తీసుకొచ్చాం కదా. డాక్టరు రాకముందే ఆమె కత్తెర పెట్టి ఆ కట్టు తెంచింది. రక్తం ఎగజిమ్మి గోడ మీద పడింది, నా మొహాన పడింది. నాయన కళ్ళు తేలేశాడు. నా చేతికి సెలైన్ స్టాండు దొరికింది. కొడవలి దొరికి ఉంటే కొడవలితోనే కొట్టేవాణ్ణి.

నిన్న ఇక్కడ ఒకడు, "ఆడమనిషిని కొట్టి వచ్చినాడు సూడండప్పా మొగోడు" అన్నాడు. వాడి పెదవి చీల్చాను. నా వేలు వాచి పెన్ను సరిగ్గా పట్టడం లేదు, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

ఇంక అసలు సంగతి. ఆ గదిలో మన తరఫున ఉన్నది నువ్వొక్కదానివే. కాబట్టి సాక్షివి నువ్వే. డాక్టరు లేడు, వద్దు వద్దంటున్నా తెంచింది, అందుకే చెయ్యి పోయింది అని చెప్పు. ఆసుపత్రి వాళ్ళు కూడా ఆమె మీద విచారణ పెట్టారు. నువ్వు ఆ మాటంటే ఆమె ఉద్యోగం ఊడుతుంది, నా కేసు తేలికవుతుంది. కట్టు ఎవరు కట్టారని అడిగితే వ్యాను డ్రైవరు అని చెప్పు. వాడు తమిళనాడు వైపు వెళ్ళిపోయాడు, ఎవరికీ దొరకడు.

నాయనను ములాఖత్‌కు తీసుకురావొద్దు. నేను చూడలేను.

మురుగేష్

~

నగరి
2 ఆగస్టు 2024

మురుగేషా,

నీ ఉత్తరం మునిరత్నం ఇచ్చాడు. ఇచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. జవాబు నోటితో చెప్పమన్నాడు. నేను నా తమ్ముడికి రాసుకుంటానని పంపించేశాను.

నాయన బతికే ఉన్నాడు. ముద్ద ఎడమచేత్తో తింటున్నాడు. మగ్గంలో పోగు తెగినట్టు కల వస్తుందేమో, లేని చెయ్యి ముందుకు చాచుతాడు. భుజం ఒక్కటే కదులుతుంది. నేను గోడ వైపు తిరిగి పడుకుంటాను.

నువ్వు రాసింది నువ్వు చూసినంత. నేను చూసినంత నేను రాస్తాను, విను. ఆ జ్ఞానాంబ రాగానే నాయన ముంజేతిని చూసింది. నల్లగా, చల్లగా ఉంది. నూలు కండలోకి దిగిపోయి కనపడడం లేదు. భుజం దగ్గర వెడల్పాటి రబ్బరు పట్టీ బిగించింది. దాని తర్వాతే నూలు తెంచింది. పట్టీ పైన ఉంది కాబట్టే ఆ రక్తం రెండు చిమ్ములతో తగ్గింది. తక్కిన దానికి గాయంలోకి రెండు వేళ్ళు దించి నరాన్ని నొక్కి పట్టింది. "డాక్టరు గారు ఆపరేషన్‌లో ఉండారు, వచ్చేదాకా నేను వదల్ను మా, నువ్వు భయపడొద్దు" అని నాతోనే అంది.

అప్పుడు నువ్వు కొట్టావు. మొదటి దెబ్బకు నుదురు చిట్లింది. రెండో దెబ్బకు మెడ కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది, ఎండుపుల్ల విరిగినట్టు. ఎడమ చెయ్యి వేలాడిపోయింది. రక్తం కళ్ళలోకి కారుతుంటే కళ్ళు మూసుకుంది. కుడిచేతి వేళ్ళు మాత్రం నాయన గాయంలోనే ఉన్నాయి. నిన్ను నలుగురు పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయారు కాబట్టి తర్వాతది నువ్వు చూడలేదు. డాక్టరు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంకో నర్సు వచ్చి "నేను పట్టుకుంటా, నువ్వు పో" అంటే, "మార్చేటప్పుడు జారితే పోతాడు, నేనే పట్టుకుంటా" అంది. మొహం తుడవడానికి నా కొంగు వాడాను. ఆ చీర ఇంకా ఉతకలేదు.

ఆమె దండం పెట్టదగిన మనిషి. నువ్వు చెప్పమన్నది చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు.

లోకేశ్వరి

~

జైలు, చిత్తూరు
20 ఆగస్టు 2024

అక్కా,

భలే రాశావు! తమ్ముడు కటకటాల వెనక కుళ్ళుతుంటే నర్సుకు హారతి పడుతున్నావు. ఆమెకు ఏడు కుట్లు, ఒక ఎముక. నాయనకు చెయ్యే లేదు. ఏది పెద్దదో తూకం వేసుకో.

నీ ఉత్తరం చదివిన రోజు అన్నం పళ్ళెం గోడకు కొట్టాను. దాని అంచు తగిలి పక్కవాడి చెవి తెగింది. నన్ను విడిగా వేశారు. ఒంటిగది. గోడకు తల కొట్టుకుంటే చప్పుడు కూడా రాదు, అంత మందం గోడ. నేను బయటికి వచ్చిన రోజు మొదట చంద్రగిరి వెళ్తాను. ఆమె ఇల్లు అక్కడే అని మునిరత్నం చెప్పాడు. ఆ తర్వాత మళ్ళీ ఇక్కడికే వచ్చినా పరవాలేదు.

నీకు నా మీద ప్రేమ లేకపోతే లేకపోయింది. నీ మంచికే చెబుతున్నాను, కట్టు సంగతి మాత్రం ఎత్తొద్దు. డ్రైవరు కట్టాడు. అంతే. ఆ మాట దాటి ఒక్క అడుగు వేసినా నువ్వే కూలిపోతావు.

మురుగేష్

~

నగరి
11 సెప్టెంబరు 2024

మురుగేషా,

నేను కూలిపోతానని రాశావే, ఆ మాట పదిసార్లు చదివాను. ఇంక దాచను.

ఆ కట్టు నేనే కట్టాను. మగ్గాల షెడ్డులో రక్తం కారుతుంటే గుడ్డ వెతకడానికి కూడా బుద్ధి పని చేయలేదు. కండె మీద నూలు లాగి, ఎనిమిది పోగులు కలిపి, మోచేతి కింద చుట్టి, మనం పోగులకు వేసే ముడే వేశాను. పుట్టినప్పటి నుంచి నా చేతులకు వచ్చిన ముడి అదొక్కటే. లాగేకొద్దీ బిగిసేది, ఎప్పటికీ జారనిది. చీరకు అది మేలు. మనిషి చేతికి కాదని నాకేం తెలుసు? నువ్వు ఆ పొద్దు ఎక్కడికి పారిపోయావో, గంట తర్వాత గానీ రాలేదు. వ్యాను దొరకడానికి ఇంకో గంట. పుత్తూరు దగ్గర లారీ అడ్డం తిరిగి ఆగిపోయాం. నాలుగు గంటలకు పైగా ఆ నూలు నాయన చేతిని కోస్తూనే ఉంది. దారిలో "చెయ్యి మండుతా ఉండాది పాపా, కొంచెం వదులు చెయ్యి" అని నాయన బతిమాలాడు. వదులు చేస్తే రక్తం పోతుందని ఇంకా బిగించాను.

గాయం కుట్టగలిగేదేనట. చెయ్యి పోయింది నూలు వల్లే. పెద్ద డాక్టరు ఆ మాట నర్సుతో అంటుంటే తలుపు పక్కన విన్నాను. నేను ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, నేనే కట్టానంటూ నా చేతులు గోడకేసి బాదుకున్నాను. జ్ఞానాంబ తలకు కట్టుతో, చేతికి జోలెతో నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నా రెండు చేతులూ తన ఒంటి చేత్తో పట్టుకుంది. "నువ్వు కట్టకపోయి ఉంటే పుత్తూరులోనే పాణం పోయుండేది. చెయ్యి పోయింది, మనిషి మిగిలినాడు. మిగిలించింది నువ్వు. ఈ మాట నేను యాభై మందిని సూసి సెప్తా ఉండా" అంది. కట్టు ఎవరు కట్టారని విచారణలో అడిగితే "నేను చూడలేదు" అందట. నా పేరు చెప్పి నన్ను పిలిపించి ఉంటే, చెయ్యి దారిలోనే పోయిందని తేలి ఆమె మీద నింద ఆ రోజే పోయేది.

ఇప్పుడామెను డ్యూటీకి రావద్దన్నారు. చంద్రగిరికి వెళ్ళి చూశాను. వంటగదిలో చెయ్యి ఎత్తలేక నేల మీద పొయ్యి పెట్టుకుని వండుతోంది. నాకు అన్నం పెట్టింది. నేను తిన్నాను. తిని వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నా ముడి సంగతి కూడా.

లోకేశ్వరి

~

జైలు, చిత్తూరు
29 సెప్టెంబరు 2024

అక్కా,

నాకు మొదటి నుంచీ తెలుసు.

వ్యానులో నాయన చెయ్యి నా ఒళ్ళోనే ఉంది కదా. ముడి చూశాను. మన వీధిలో అందరి ముడి కుడికి తిరుగుతుంది, నీది ఒక్కటే ఎడమకు. పుర్రచేతి ముడి. చిన్నప్పుడు పోగు అతికితే ఇది లోకది, ఇది మురుగేషుది అని నాయన చూడగానే చెప్పేవాడు. చెయ్యి నల్లబడడం కూడా చూశాను. నోరెత్తితే నీ ముడి అని చెప్పినట్టవుతుందని ఊరుకున్నాను.

ఆమె కత్తెర పెట్టినప్పుడు నాకు ఒకటే తోచింది. ఇంక ఈ తప్పు మన ఇంటిది కాకుండా పోతుంది. ఎవరో బయటి మనిషి చెయ్యి పెట్టింది. కొట్టేటప్పుడు, నమ్ము అక్కా, నాకు హాయిగా ఉండింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది.

కోర్టులో చెప్పొద్దు. నాయనకు తెలిస్తే ఏమవుతాడు? కూతురే చెయ్యి తీసిందని ఆ ఇంట్లోనే నీతో ఎట్లా ఉంటాడు? నీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను ఇక్కడే ఉండనీ, ఆమె ఉద్యోగం పోనీ, నువ్వు మాత్రం చెప్పొద్దు.

మురుగేష్

~

నగరి
3 నవంబరు 2024

మురుగేష్‌కు,

నాయనకు చెప్పేశాను. కాళ్ళ దగ్గర కూర్చుని, ముడి నాదే అని చెప్పాను.

నాయన నవ్వాడు. "నీ ముడి నాకు తెలీదా పాపా? దావంతా దాన్నే సూస్తా వచ్చినా గదా" అన్నాడు. ఎడమచేత్తో నా తల నిమిరాడు. నేను గుండెలు పగిలేలా ఏడ్చాను. నా ఏడుపు ఆపడానికే కాబోలు, ఆయన దాచుకున్నది కూడా బయటపెట్టాడు. "నీది తప్పు గాదు. నా చెయ్యి చక్రంలో ఉండంగా మురుగేషు మోటారెయ్యకపోతే నీకు ముడేసే పని యాడిది?" అన్నాడు.

నేను ఆ పొద్దు ఇంట్లో కండెలు చుడుతున్నాను. అరుపు విని వచ్చాను. నాయన చెయ్యి జారి పడిందని నువ్వే చెప్పావు. నాయన అదే చెప్పాడు. ఇన్ని నెలలు నా ముడిని తిట్టుకుంటూ నేను చచ్చాను, నువ్వు నన్ను కాపాడుతున్నట్టు ఉత్తరాలు రాశావు! కాళ్ళు పట్టుకుంటానని రాశావు! నువ్వు ఎదురుగా ఉంటే మగ్గం నాడె తీసుకుని ఆ మొహం పగలగొట్టేదాన్ని. నాలోనూ అదే రక్తం ఉందని నాయన చెప్పిన పొద్దు తెలిసింది.

ఇంకొకటి విను, ఇదీ నాయన చెప్పిందే. ఆసుపత్రికి రాగానే ఎట్లా జరిగిందని జ్ఞానాంబ అడిగితే, నాయన ఆమె చెవిలో నిజమే చెప్పాడు. "నా కొడుకే మోటారేసినాడు తల్లీ. ఎవురికీ సెప్పొద్దు, వాని బతుకు పోతాది" అని. ఆ తర్వాత నిమిషానికి నువ్వు కొట్టావు. ఆ కొడుకువి నువ్వేనని ఆమెకు తెలుసు. తల పగిలి, ఎముక విరిగి, పోలీసులకు వాంగ్మూలం ఇచ్చేటప్పుడు కూడా ఆమె ఆ మాట అనలేదు. మన మునిరత్నం ఆమెను హంతకురాలన్నట్టు నోటీసు పంపినప్పుడూ అనలేదు. ఒక్క మాటతో నిన్ను పదేళ్ళు లోపల వేయించగలిగేది. ఒక ముసలాయన అడిగాడని నోరు మూసుకుంది.

ఆసుపత్రి విచారణకు వెళ్ళి నా ముడి సంగతి చెప్పి వచ్చాను. ఆమెను తిరిగి డ్యూటీలోకి తీసుకున్నారు. ఇంక నీకు రాయను.

లోకేశ్వరి

~

జైలు, చిత్తూరు
26 జనవరి 2025

అక్కా,

రాయనన్నావు. చదవడం మానవని రాస్తున్నాను. ఈసారి మునిరత్నం చేతికి ఇవ్వలేదు. జైలు పోస్టులోనే వేస్తున్నాను. విప్పి చదువుకోనీ, ముద్ర వేసుకోనీ.

ఆ పొద్దు మగ్గాలు పాత ఇనుముకు వేసేద్దామని నేను, నా పాడె లేచాక వేసుకోమని నాయన. చక్రంలో చిక్కుకున్న నూలు తీస్తూనే మాట్లాడుతున్నాడు, నా మొహం కూడా చూడకుండా. "నీకు మగ్గమూ రాదు, మానమూ లేదు" అన్నాడు. స్విచ్చు నా భుజం పక్కనే ఉంది. నాయన చెయ్యి చూసుకోలేదని నీకు రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. చూశాను అక్కా. చెయ్యి లోపలే ఉంది. లాక్కుంటాడులే, భయపడతాడులే అనుకున్నాను. అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది? వేసేశాను. ఎముక నలిగిన చప్పుడుకు నేను పరిగెత్తి రైలు కట్ట దాకా పోయాను. రైలు రాలేదు. తిరిగి వచ్చాను.

మొన్న కోర్టులో తప్పు ఒప్పుకున్నాను. మునిరత్నం నా చొక్కా పట్టుకుని లాగాడు. ఏడాదిన్నర వేశారు. మోటారు సంగతి కూడా జడ్జి ముందు చెప్పాను. పోలీసులు మన ఇంటికి వస్తారు. నాయనను నిజం చెప్పమను.

జ్ఞానాంబ కోర్టులో నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. నుదుటి మీద గీత ఉంది. సాక్ష్యంలో ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆమె నాయనకు ప్రాణం పోసింది, ఎవరూ లేని మెట్ల మీద నా అక్కను పట్టుకుంది, నా బతుకును నోట్లో దాచింది. ఇవన్నీ ఆమె ముందు నిలబడి చెప్పే మొహం నాకు లేదు. లోపల ఇంకో కాగితం పెట్టాను. ఆమెకు ఇవ్వు. చింపేసినా సరే, ఇవ్వు.

మురుగేష్

~

నగరి
16 ఫిబ్రవరి 2025

మురుగేషా,

పోలీసులు వచ్చారు. నాయన కుర్చీలో నిక్కి కూర్చుని, "వానికి జైల్లో మతి చెడినాది సార్. నా చెయ్యే జారింది, నా చెయ్యి సంగతి నాకు తెలీదా?" అన్నాడు. ఎంత అడిగినా అదే. వాళ్ళు రాసుకుని వెళ్ళారు, మళ్ళీ వస్తామన్నారు. నేను నాయనతో పోట్లాడాను. ఆయన వినే మనిషి కాదని నీకు తెలుసు.

ఆయనకు ముడి నేర్పుతున్నాను. ఉన్నది ఎడమ చెయ్యే కాబట్టి నా వాటమే ఆయనకు పనికొస్తుంది. ఒక కొస పంటితో పట్టి, ఒక కొస వేళ్ళతో తిప్పుతాడు. రోజుకు పది తెంపుతాడు, ఒకటి పడుతుంది. పడినప్పుడు ఇల్లంతా వినపడేలా పిలుస్తాడు.

నీ కాగితం తీసుకుని చంద్రగిరి వెళ్ళాను. డ్యూటీ దిగి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా రెండుసార్లు చదివింది. నేను కాళ్ళకు దండం పెట్టబోతే కసిరింది. "క్షమించినానని రాయొద్దు మా. చెయ్యి పైకెత్తితే ఇప్పటికీ ప్రాణం పోతాది. అబద్ధం ఎందుకు?" అంది. కాగితం మడత పెడుతూ మళ్ళీ అంది:

"ఒకటి మాత్రం రాయి. రెండో దెబ్బ పడినప్పుడు నాకూ తిక్క రేగింది. ఈళ్ళ కోసమా నేనీడ నిలబడుకోనుండేది అనిపించింది. వేళ్ళు ఎత్తేస్తే నిమిషంలో పోతాడు ముసలాయన. నన్ను అడిగేవాళ్ళు కూడా లేరు, దెబ్బకు జారినాయంటారు. అదంతా నాకు తెలుసు. మీ తమ్ముడు స్విచ్చు కాడ ఎంతసేపు అనుకున్నాడో, నేనూ అంతసేపే అనుకున్నా."

"ఎత్తలేదు కదమ్మా" అన్నాను నేను.

"ఎత్తలేదు. అది కూడా రాయి" అంది.

రాశాను. నీ కాగితం ఆమె చింపలేదు, బీరువాలో పెట్టుకుంది.

వచ్చే మంగళవారం ములాఖత్‌కు పేరు రాయించాను. నాయన కూడా వస్తాడు. చొక్కా కుడి చెయ్యి మడిచి పిన్ను పెడతానంటే వద్దన్నాడు, అలాగే వదిలేయమన్నాడు. నువ్వు తల దించుకోవద్దు. చూడు.

అక్క
లోకేశ్వరి